చర్చి వరండాలో భుజం వైద్యం

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఉంది. చెయ్యో మోకాలో పట్టేసినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి నన్ను అడుగుతున్నారు, ఫోన్‌లో చేయించే ఫిజియోథెరపీ పనిచేస్తుందా అని. అవునంటే సగం అబద్ధం, కాదన్నా సగం అబద్ధమే. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో వైద్యం బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. వాటిలో దీని గురించి ఒక్క ముక్క లేదు. అందుకని మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. అది నా భార్య పెట్టిన షరతు.

మాది భద్రాచలం పోయే దారిలో అడవి మొదలయ్యేచోట ఉన్న ఊరు. నా భార్య ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వేసవి సెలవులకు కొంత ముందు చేతిపంపు గచ్చు మీద జారి, కుడిపక్కకు పడింది. భుజం దగ్గర ఎముక చిట్లింది. డాక్టరు చెయ్యిని మెడకు వేలాడగట్టి, ఫలానా రోజుకు కట్టు తీసి మెల్లగా కదిలించమన్నాడు. ఆ కదిలించమన్న మాట మా ఇంట్లో నిలవలేదు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ "కదిలిస్తే అతుకు ఊడుతది" అన్నారు. గడువు దాటినా ఆమె చెయ్యిని కొంగులో చుట్టుకునే తిరిగింది. ఎముక బాగానే అతుక్కుంది గాని భుజం బిగుసుకుపోయింది.

బడి తెరిచేనాటికి ఆ చెయ్యి లేవాలి. పొయ్యి మీది నుంచి అన్నం డేగిసా దించలేకపోతే వంట ఇంకొకరికి పోతుంది. ఒకసారి పోతే మళ్ళీ ఆమె దగ్గరికి రాదని ఇద్దరికీ తెలుసు.

ఫిజియోథెరపీకి భద్రాచలం దాదాపు రోజూ రావాలన్నారు. మా ఊరి బస్సు పొద్దున పోతే మళ్ళీ సాయంత్రానికే వస్తుంది. ఆ ఎండల్లో, ఆ కుదుపులకు, చేయించుకున్న కసరత్తు ఫలితం దారిలోనే పోయేటట్టుంది. ఖమ్మంలో ఉంటున్న మా బిడ్డ తనకు తెలిసిన ఫిజియోథెరపిస్టు వీడియో కాల్‌లో చేయిస్తుందని చెప్పింది. నాకు నమ్మకం కుదరలేదు. గ్రంథాలయానికి పోయి శరీర నిర్మాణం పుస్తకం మళ్ళీ తీశాను. భుజం కీలు అంటే గుండ్రటి ఎముక తల, లోతు లేని గిన్నెలో కూర్చున్నట్టు ఉంటుంది. అంత లోతు లేని గిన్నె గనకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. ఇదంతా నా భార్యకు బొమ్మ గీసి చెప్పాను.

"ఆ గిన్నె సంగతి సరే, అన్నం గిన్నె ఎప్పుడెత్తుతనో నీ పుస్తకంల ఉందా?" అంది.

లేదు. మొదట ఒకసారి చేత్తో పట్టి చూడనిదే ఫోన్‌లో మొదలుపెట్టనని ఫిజియోథెరపిస్టే అన్నది. ఆ మాటతో నాకు ఆమె మీద గురి కుదిరింది. ఖమ్మం పోయి చూపించుకుని వచ్చాం.

మా ఇంట్లో సిగ్నల్ అందదు. ఊళ్ళో మిట్ట మీదున్న చర్చి వరండాలో మాత్రం బాగా అందుతుంది. పాస్టరుగారు సరే అన్నారు. పొద్దున్నే అక్కడ కుర్చీ వేసి, ఎదురుగా కిటికీలో ఫోన్ ఆనించేవాణ్ణి. ఆమె కర్ర పట్టుకుని రెండు చేతులూ పైకి లేపేది. బోరింగు దగ్గరికి పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

"ఏందక్కా, ఫోనుకు మొక్కుతున్నవా?"

"అవ్, మీ అత్త ఫోన్ల ఉంది, దండం పెడుతున్న."

చెయ్యి కొద్దికొద్దిగా లేవసాగింది. ఒక ఆదివారం ఆరాధనలో ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. మా సంఘంలో అది అలవాటు. మేలు జరిగితే అందరి ముందు ఒప్పుకోవాలి. "ప్రభువు నా చెయ్యి బాగు చేసిండు, నొప్పి తీసేసిండు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ మర్నాటి నుంచి ఫిజియోథెరపిస్టు "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగితే "లేదు బిడ్డా" అనడమే. నొప్పి లేదని చెప్తే ఆ పిల్ల కసరత్తు పెంచుతుంది కదా. కర్ర పోయి నీళ్ళ సీసా వచ్చింది. ఫోన్‌లో చూస్తే చెయ్యి లేస్తూనే ఉంది. కొంగు కింద భుజం మొత్తం చెవిదాకా ఎగబాకడం, నడుము పక్కకు వంగడం ఆ చిన్న తెరలో ఎవరికి కనపడతాయి? కొన్నాళ్ళకు ఆమె చాయ్ గ్లాసు కూడా ఎడమ చేత్తో అందుకుంది.

"నొప్పి ఉందని ఎందుకు చెప్పవు?" అన్నాను.

"ఏడ కూసోని చెప్పాలె? ఆ వరండాలనేనా? నొప్పి పోయిందని గా లోపల్నే చెప్పిన. ఇప్పుడు ఉందంటే దేవుడు చేసిన మేలు కాదన్నట్టే గదా."

"నేను చెప్తా."

"నువ్వు చెప్పినా నేను లేదనే అంట."

ఆ పట్టుదల నాకు తెలుసు. ఊరవతల సిగ్నల్ అందేచోటికి పోయి ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేశాను. సాక్ష్యం సంగతి చెప్పి, నా భార్యను నొప్పి గురించి అడిగితే లాభం లేదన్నాను. ఆమె నవ్వలేదు. "అయితే వేరేవి అడుగుతాను, ఫోన్ దూరంగా, వెనక నుంచి పెట్టండి" అంది.

మర్నాడు అడిగింది. "అమ్మా, ఇవాళ జడ ఏ చేత్తో వేసుకున్నరు?"

"ఎడమ చేత్తోనే. సరిగ్గ పడలే."

"పై అరలో ఉప్పు డబ్బా ఎవరు తీసిన్రు?"

"ఆయన. సగం ఒలకబోసిండు."

"రవిక తొడుక్కునేటప్పుడు?"

నా భార్య నావైపు చూసింది. నేను మెట్లు దిగి అవతలికి పోయాను. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నొప్పి అనే మాట మాత్రం ఆ మాటల్లో ఒక్కసారి కూడా రాలేదట.

నీళ్ళ సీసా పోయి మళ్ళీ కర్ర వచ్చింది. బడి తెరిచేలోపు ఖమ్మానికి ఇంకోసారి రమ్మంది ఆ ఫిజియోథెరపిస్టు, పోయాం. భుజం మీద చెయ్యి వేసి చూసి, డేగిసా ఒక్కతే దించొద్దని, ఇంకొకరు రెండో వైపు పట్టుకోవాలని చెప్పింది. తోటి వంటామె ఒప్పుకుంది. "నీ సగం నాదే, నా సగం నీదే, గంటె మాత్రం నాది" అందట. బడి తెరిచిన రోజు నేను పని ఉన్నట్టు అటు పోయి చూశాను. డేగిసా ఇద్దరి మధ్య కదలకుండా దిగింది. జడ ఆమె ఇప్పటికీ కుడి చేత్తో పూర్తిగా వేసుకోలేదు.

అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. మొదట ఒకసారి పోయి, చేత్తో పట్టి చూసేటట్టు చూపించుకోండి. మధ్యలో ఇంకోసారి పోండి. బస్సు లేని రోజుల్లో ఫోన్ మంచిదే. కాని ఫోన్‌కు మీరు చెప్పిందే తెలుస్తుంది. మీరు నోటితో చెప్పలేనిది ఏదన్నా ఉంటే, దాన్ని ఇంకో దారిన అడిగే మనిషి అవతల ఉండాలి. మాకు దొరికింది.

పేర్లు రాయకుండా కృతజ్ఞతలు చెప్పడం నాకు కొంచెం వెలితిగానే ఉంది. ఖమ్మంలోని ఆ ఫిజియోథెరపిస్టుకు, ఆమెను చూపించిన మా బిడ్డకు, వరండా ఇచ్చిన పాస్టరుగారికి, డేగిసా రెండో వైపు పట్టుకున్న తోటి వంటామెకు, ఒకే పుస్తకం మళ్ళీ మళ్ళీ అడిగినా విసుక్కోని గ్రంథాలయం సారుకు నా వందనాలు. ఇది చదివించి విని, సాక్ష్యం దగ్గర మాత్రం "గదొక్కటి తీసెయ్" అని, కాసేపు ఆలోచించి "ఉండనీ" అన్న నా భార్యకు కూడా.