దక్షిణపు గుమ్మం, ఈశాన్యపు గోడ

మొన్న తాడేపల్లిగూడెంలో, మూతపడ్డ రైసుమిల్లులో మా మేనమామ మనవరాలూ ఆమె భర్తా పెట్టిన కొత్త దుకాణం చూడ్డానికి వెళ్ళాను. నాలుగు చక్రాల చెక్క మీద నిలబడి జారే స్కేట్‌బోర్డు ఆట, సాయంత్రం పూట పాటకచేరీ, మనసుపడి ఏరుకొచ్చిన పాత గ్రామఫోను రికార్డుల అమ్మకం, మూడూ ఒక్కచోటే. మామయ్య పోయాక నా దగ్గర మిగిలిన రికార్డుల్లో డజను సంచిలో పెట్టుకుని కానుకగా పట్టుకెళ్ళాను. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం ఎంత నున్నగా ఉంటుందో మన వయసువాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ ఆటకు అంతకన్నా మంచి చోటేదని ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట గుమ్మం దాకానే. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ, స్కేట్‌బోర్డులకు నిమ్మకాయలూ మిరపకాయలూ, వాటి మధ్య కట్టుతో మెడకు వేలాడుతున్న మనవరాలి కుడిచెయ్యి.

జారడానికి కట్టిన ఏటవాలు దిబ్బను పడమటికి తిప్పి ఉంటే కళ్ళం చివరిదాకా హాయిగా పోవచ్చు. వాస్తు సిద్ధాంతి మాత్రం ఎత్తు నైరుతిలో, పల్లం ఈశాన్యంలో ఉండి తీరాలన్నాడట. ఈశాన్యంలో ఉన్నది మిల్లు గోడ. ఇద్దరూ ఇంజనీరింగు చదివినవాళ్ళే, వాలూ వేగమూ లెక్కలు కట్టి పరీక్షలు గట్టెక్కినవాళ్ళే, అయినా గోడకేసి దిబ్బ కట్టారు. మొదటిరోజే ఈ పిల్ల జారుకుంటూ పోయి గోడను గుద్దుకుంది. దాంతో వాళ్ళు తేల్చుకున్నదేమిటంటే, దిష్టి తగిలిందని!

చదువయ్యాక ఉద్యోగం దొరకని రెండేళ్ళూ నేను ఏలూరులో మామయ్య దుకాణంలోనే పనిచేశాను. రికార్డులు అమ్మేవాడు, పెళ్ళిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు, ఆదివారం సాయంత్రాలు అరుగు మీద ఎవరో ఒకరిచేత క్లారినెట్టు వాయించేవాడు. వీధి దక్షిణాన ఉంది కనుక గుమ్మమూ దక్షిణానికే. అది యముడి దిక్కని ఊరంతా ఒకటే గోల. ఒకసారి కైకలూరు చేపల వ్యాపారి ఒకాయన తన కూతురి పెళ్ళికి మైకుసెట్టు మాట్లాడటానికొచ్చి, గడప తొక్కకుండా వీధిలోనే నిలబడిపోయాడు.

“ఏవండీ, ఆ గుమ్మం కాస్త తూర్పుకి తిప్పించండి. మా వైపు పెళ్ళిళ్ళన్నీ మీవే.”

“తూర్పున పక్కవాళ్ళ వంటిల్లుందండీ. మరి తమరు వాళ్ళ పులుసుగిన్నె దాటుకుని రావాలి” అన్నాడు మామయ్య.

ఆ వ్యాపారి నవ్వలేదు, మళ్ళీ రాలేదు. ఆ ఏడు మాకు పెళ్ళి బేరాలు చాలా పోయాయి, అత్తయ్య మామయ్యతో మాట్లాడటం మానేసింది, మామయ్య మాత్రం గుమ్మం జోలికి పోలేదు.

ఇదంతా వాళ్ళిద్దరికీ చెప్పి, నిమ్మకాయలు పీకి అవతల పారేయమన్నాను. మనవరాలి భర్త ఎంతో మర్యాదగా, “నమ్మకమని కాదండీ, సేఫ్టీకి” అన్నాడు. సేఫ్టీకి కొన్న హెల్మెట్లు గోడ మేకులకు వేలాడుతున్నాయి, కవర్లు కూడా విప్పలేదు. కళ్ళున్నది గోడను చూడటానికని తెలియని చదువుకు పట్టా ఇచ్చినవాళ్ళను ముందుగా నిలదీయాలి.

అప్పుడా పిల్ల మెల్లగా నా పక్కకొచ్చి, “మామయ్యగారూ, తాతయ్యైతే ఏం చేసేవారండీ?” అంది.

“ఈపాటికి తాపీమేస్త్రీని పిలిచేవాడమ్మా.”

దాని మొహం వెలిగింది. “దిబ్బ తిప్పించేద్దామండీ” అంది భర్తతో. ఒక్క నిమిషం నాకు మామయ్య గొంతే వినిపించినట్టయింది.

“తప్పకుండా. వచ్చే నెల మంచిరోజులున్నాయట, సిద్ధాంతిగారిచేత ముహూర్తం పెట్టించి మరీ తిప్పిద్దాం” అన్నాడతను. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది.

నేను రికార్డుల సంచి ఇవ్వకుండానే తీసుకుని ఏలూరు బస్సెక్కేశాను. దిగాక కాళ్ళు వాటంతటవే మామయ్య దుకాణం ఉన్న వీధికి నడిచాయి. ఇప్పుడక్కడ ఎవరిదో సెల్‌ఫోన్ల కొట్టు. పక్కవాళ్ళ వంటిల్లు కొని, పడగొట్టి, తూర్పుకి గుమ్మం పెట్టుకున్నారు. దక్షిణపు గుమ్మం ఇటుకలతో పూడ్చేశారు. సున్నం కింద ఆ చోటు ఇంకా కొంచెం ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఆ గుమ్మంలోంచి ఎన్ని పాటలు వీధిలోకి వచ్చేవి! అవి వినడానికి వీధిలో నిలబడ్డ ఏ ఒక్కరూ దిక్కు అడగలేదు. రికార్డులు మా ఇంట్లోనే ఉన్నాయి. పంచాంగం తిరగేయకుండా ఆ పిల్ల ఎడమచేత్తోనైనా గడ్డపార పడితే, ఆ మధ్యాహ్నమే మోసుకెళ్ళి ఇచ్చొస్తాను.