బీరువాలోంచి జవాబు చెప్పిన పోలమ్మ

ముందు వీధి తలుపు గడియ వేసుకుని రండి. చచ్చిపోయిన పిల్ల తాళం వేసిన బీరువాలోంచి లెక్కలకు జవాబులు చెప్పడం నేను కళ్లారా చూశాను. చూసినందుకు నా పరువు ఏ గంగలో కలిసిందో కూడా దాచకుండా చెబుతాను.

రిటైరయ్యే ముందు పొందూరు పక్క ఊళ్లో లెక్కల మాస్టరుగా ఉండేవాణ్ణి. ఆ ఏడు మా బడికి పెట్టెడు క్లిక్కర్లు వచ్చాయి. టీవీ రిమోటుకు చెల్లెలి లాంటి వస్తువు, మీద ఎ, బి, సి, డి మీటలు. పిల్లకొకటి ఇస్తాం. నేను ప్రశ్న వేస్తే వాళ్లు మీట నొక్కుతారు, ఎవరెటు మొగ్గారో తెర మీద గీతలు లేస్తాయి. నోరు తెరవని పిల్లలు వేలితో మాట్లాడతారన్నమాట. మా పోలమ్మ అలాంటిదే. ఎనిమిదో తరగతికి వచ్చినా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నేనెరగను. క్లిక్కర్ చేతికొచ్చాక మాత్రం అందరికన్నా ముందు నొక్కేది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? నొక్కినవాళ్ల పేర్లు తెర మీద చూపించే వీలు కూడా ఉందని కనిపెట్టాను. ఒకరోజు పోలమ్మ తప్పు నొక్కింది. పేరు ఏనుగంత అక్షరాలతో పడింది.

"పోలమ్మగారి త్రిభుజానికి మూడొందల అరవై డిగ్రీలట. అన్నీ ఆవిడే పట్టుకుపోతే మిగతా ఆకారాలు ఏం తినాలి?" అన్నాను.

తరగతి గొల్లుమంది. మర్నాటి నుంచి పోలమ్మ రాలేదు.

దసరా సెలవులకు ముందు బడిలో ఆయుధపూజ. క్లిక్కర్లన్నీ బల్ల మీద పేర్చి తడిపసుపు మెత్తుతున్నాను. పోలమ్మదానికి కాస్త ఎక్కువే మెత్తాను, మనసులో ఏదో గుచ్చుకుంటుంటే. సైన్సు చెప్పే రూతమ్మ మేడమ్ చూశారు.

"మాస్టారూ, మీటల సందుల్లోకి పసుపు దిగిపోతాది. తుడిచీయండి."

"మీరు చర్చిలో ప్రార్థన చెయ్యరేటి మేడమ్?"

"చేస్తాం. మైకుకి తలంటు మాత్రం పొయ్యం."

బడి తెరిచిన నాడు వాయుగుండం. పట్టపగలే చీకటి. తెర కనబడాలని కిటికీలు కూడా మూయించాను. పోలమ్మ ఆ రోజూ రాలేదు. ఆ పిల్ల క్లిక్కర్ ఒక్కటే గది మూల ఇనుప బీరువాలో, తాళం వెనక ఉంది. ప్రశ్న వేశాను. పిల్లలింకా వేలు కదపలేదు. తెర మీద ఒక గీత మెల్లగా లేచింది. బి. సరైన జవాబు. పక్కన పేరు, పోలమ్మ.



"ఎవర్రా నొక్కింది?"

"పోలమ్మే నొక్కినాది సార్, అదిగో పేరున్నాది" అన్నాడు ముందు బెంచీ అసిరినాయుడు.

"పోలమ్మ ఏదిరా?"

అందరూ బీరువా వైపు చూశారు.

మరో ప్రశ్న వేశాను. బి. సరైనదే. ఇంకొకటి. మళ్లీ బి, మళ్లీ సరైనదే. చొక్కా వీపుకు అంటుకుపోయింది. భోజనాల గంట కొట్టగానే పిల్లలు బయటికి పరుగు. ఖాళీ గదిలో ఒక్కణ్ణే నిలబడి కొత్త ప్రశ్న రాశాను.

'పోలమ్మా, బతికే ఉన్నావా? ఎ, ఉన్నాను. బి, లేను.'

గీత లేచింది. బి.

గొడుగు మరిచిపోయి వాళ్లింటికి పరుగెత్తాను. నడవ చీకట్లో పోలమ్మ నాయనమ్మ, పొందూరు ఖద్దరు నేతకు మామూలుగా చేసేట్టే, వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఎముక పళ్లు గీరుకునే చప్పుడు నా వెన్నులో వినిపించింది.

"ఏటయ్యా మాస్టారూ, ఇలాగ తడిసిపోనారు?"

"పోలమ్మ... బంగారం లాంటి పిల్లమ్మా. అంతా నా వల్లే." బావురుమన్నాను.

"మీ వల్లే మరి. తెర మీద పేరేసి అందరిసేత నవ్వించినారట. బడి మానీసినాది. ఇప్పుడేడిస్తే ఏటి లాభం?"

అప్పుడు లోపలి తలుపు కిర్రుమంది. తల నుంచి పాదాల దాకా తెల్లగా, కళ్లు మాత్రం నల్లగా, ఒక ఆకారం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సార్" అంది.

ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి. వింటూనే వెల్లకిలా పత్తికుప్పలో పడ్డాను.

"దూది నాయనా, దెయ్యం కాదు" అంది ముసలమ్మ. "పిల్ల లోపల ఏకుతన్నాది. మడిసిని ఎప్పుడూ సూడనేదేటి?"

పత్తిలోంచి లేవకుండానే, "బడికి రా తల్లీ" అన్నాను.

"పేరు ఎయ్యనంటే వస్తాను సార్."

"ఎళ్లే, వానలో పరుగెట్టుకొచ్చి ఏడిసినారు గదా పాపం" అంది నాయనమ్మ.

మర్నాడు రూతమ్మ మేడమ్ బీరువా తెరిచారు. పసుపు ఎండి బి మీట లోపలికి బిగుసుకుపోయింది. ప్రశ్న పడితే చాలు, అది బి అంటోంది. మరి ప్రతిసారీ సరైన జవాబెలాగంటారా? నేను రాసే ప్రశ్నలకు సరైన జవాబు ఎప్పుడూ బి దగ్గరే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నాటి బద్ధకం. పోలమ్మకూ నాకూ తప్ప పిల్లలందరికీ తెలుసట.

పోలమ్మ వచ్చిన రోజు మేడమ్ పేర్లు దాచి తెర మీద ప్రశ్న వేశారు: 'మాస్టారు దెయ్యానికి భయపడ్డారా?' అవును గీత పైకప్పు దాకా లేచింది. కాదు దగ్గర మాత్రం బుల్లి గీత ఒకటి. అది పోలమ్మ దయ అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

కాదండీ. వీపు వెనక దాచిన క్లిక్కర్‌తో నేనే నొక్కాను.

అందుచేత పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ మీటకూ పసుపు రాయను, ఏ పిల్ల పేరూ తెర మీద వేయను, నా ధైర్యం గురించి ఎక్కడ ఓటు పెట్టినా నేను వేయను.