బాపు ఎత్తిన చెయ్యి

బాపుకు, అంటే మా నాన్నకు, క్షయ అని తేలగానే మేము ఆయనను ఇంటి వెనుక కొట్టంలోకి మార్చాం. మాది వేములవాడకు దగ్గరలో ఉన్న ఒక సాలెవాడ. ఒక్కటే అర్ర. అందులోనే గుంట మగ్గం, పొయ్యి, మా పడకలు. "పిల్లకు అంటుకుంటది" అన్నాడు మా మేనమామ. వాడకట్టంతా ఔనంది. మా అమ్మను నేను అవ్వ అని పిలిచేదాన్ని. అవ్వ సత్తు గిన్నెలో జొన్నరవ్వ గట్క పోసి, కొట్టం గడప దగ్గర పెట్టి, కర్రతో లోపలికి నెట్టేది.

అంతకుముందు బాపు నోరెత్తి ఎరగడు. మగ్గం గుంటలో కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. కొట్టంలోకి పోయాక తిట్లు మొదలుపెట్టాడు. ఆ తర్వాత గిన్నెలు విసిరాడు. ఒకసారి గిన్నె తగిలి అవ్వ కన్ను వాచి మూసుకుపోయింది. ఇంకోసారి జుట్టు పట్టుకుని ఆమె తలను గుంజకు మోదాడు. నెత్తురు కక్కే మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చేదో! వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి గాయానికి పసుపు అద్ది, "రోగమున్నోడు, ఏం జేస్తవ్ చెల్లె, సదురుకో" అని పోయేవాళ్ళు.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, గట్క పులిసిందని ఆయన రోకలి ఎత్తుకుని బయటికి వచ్చాడు.

"నన్ను కుక్కననుకున్నవానే?" అని అరుస్తూ కొట్టాడు.

అవ్వ తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బ పడకముందే నేను బాపు చేతిని పళ్ళతో పట్టుకున్నాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చినా విడవలేదు. ఆయన రోకలి వదిలేసి నన్ను గోడకేసి విసిరికొట్టాడు.

లేచి పక్క వీధిలో ఉన్న మేనమామ ఇంటికి ఉరికాను. మామ వచ్చి ఒక్క మాటైనా అడగలేదు. బాపును రొమ్ము మీద తన్నాడు. పడిపోయినవాణ్ణి మళ్ళీ తన్నాడు. బాపు నోటి నుంచి నెత్తురు గడ్డలు గడ్డలుగా పడింది. విరిగిన చెయ్యి వేలాడుతుండగానే అవ్వ పోయి తమ్ముడికి అడ్డం పడింది.

"ఇడువురా! సస్తడు! ఇడువు!"

ఇద్దరినీ ఒకే ఎడ్లబండిలో వేసుకుని కరీంనగర్ సర్కారు దవాఖానకు పోయాం. దారి పొడుగునా బాపు బండికి ఒక కొసన, అవ్వ ఇంకో కొసన.

అక్కడ కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉండేది. అవ్వ చేతికి కట్టు కడుతూ "ఎలా విరిగిందమ్మా?" అని అడిగింది.

"జారి పడ్డ."

డాక్టరమ్మ చెక్కుకుపోయిన నా మోచేతులు చూసింది. బాపు చేతి మీద పళ్ళ గాట్లు చూసింది. తల దించుకున్న మామను చూసింది. "ఇంటిల్లిపాదీ ఒక్కసారే జారి పడ్డారా?" అంది.

బాపును కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుని సూదులు వేశారు. ఈలోగా ఎవరు ఎవరిని కొట్టారో డాక్టరమ్మ మా నోటనే రాబట్టింది. ఇంటికి పంపే రోజు ఆమె మమ్మల్ని నలుగురినీ వేపచెట్టు నీడన కూర్చోబెట్టింది.

"ఇంట్లో ఈయనతో ఎవరు మాట్లాడతారు?"



"ఎవలు మాట్లాడరమ్మా," అన్నాడు బాపు. "కర్రతోని గిన్నె నెడుతరు."

"అందుకని ఎముకలు విరగ్గొడతావా?" ఆమె గొంతు పెరిగింది. "జబ్బు నీ తప్పు కాదు. దెబ్బ మాత్రం నీదే."

బాపు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆమె ఓదార్చలేదు. ఆరుబయట, గాలి ఆడేచోట, ఎడంగా కూర్చుని ఎవరైనా ఆయనతో మాట్లాడవచ్చని మాకు చెప్పింది. నోటికి గుడ్డ కట్టుకోమని, కోపం వస్తే చేతిలో ఏదీ లేకుండా బయటికి నడవమని ఆయనకు చెప్పింది. చెయ్యి ఎత్తితే అవ్వ అదే క్షణం తమ్ముడి ఇంటికి పోవాలనీ, ఎవరూ సదురుకోమనకూడదనీ గట్టిగా చెప్పింది. చివరికి మామ వైపు తిరిగి, "తన్నిన కాళ్ళే కదా, రోజూ ఈయన్ని సూదికి తీసుకెళ్ళు" అంది.

మా ఊళ్ళో కంపౌండరు దగ్గరికి మామ రోజూ బాపును నడిపించుకుని పోయేవాడు. మొదట్లో ఇద్దరూ వీధికి చెరో పక్కన నడిచేవాళ్ళు. కొంతకాలానికి నూలు ధర గురించి కొట్లాడుకుంటూ వచ్చారు. బాపుతో నేసిన ఇద్దరు దోస్తులు పొద్దున పూట వచ్చి, వాకిట్లో ఎడంగా కూర్చుని బీడీలు కాల్చకుండా కబుర్లు చెప్పిపోయేవాళ్ళు. అవ్వ గిన్నెను చేత్తోనే పెట్టడం మొదలుపెట్టింది. చాలాసార్లు బాపు పళ్ళు కొరుకుతూ, ఉత్త చేతులతో వీధి కొసదాకా పోయి తిరిగి రావడం నేను చూశాను.

అయినా వానాకాలంలో ఒకనాడు మరిగే చారు కుండ విసిరాడు. అది అవ్వ పాదాల మీద పగిలింది. బొబ్బలెక్కిన కాళ్ళతోనే ఆమె నన్ను తీసుకుని తమ్ముడి ఇంటికి నడిచింది. వాడకట్టు ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. ఈసారి ఒక్కరూ సదురుకో అనలేదు. ఒకామె ఎదురొచ్చి అవ్వ సంచి అందుకుంది.

మర్నాడు బాపు మామ ఇంటి ముందుకు వచ్చాడు. "ఇగ కొట్ట. రా, పోదాం."

"కొట్టనని నువ్వంటె అయితదా? నాకు నమ్మకం రావాలె," అంది అవ్వ లోపలి నుంచే.

ఆ నమ్మకం రావడానికి మిగిలిన వానాకాలమంతా పట్టింది. అన్నాళ్ళూ మామ బాపుకు బువ్వ తీసుకుపోయాడు, సూదికి తీసుకుపోయాడు. అత్త మాత్రం ఆయనను గడప తొక్కనివ్వలేదు. బతుకమ్మ పండుగ ముందర అవ్వ తనంతట తానే మూట కట్టుకుంది.

బాపుకు రోగం నయమైంది. మళ్ళీ మగ్గం గుంటలోకి దిగలేదు కానీ ఆరుబయట మగ్గానికి నిలువు పోగులు సాగదీసి పడుగులు తోడే పని చేస్తూ చాలా ఏళ్ళు బతికాడు. ఆ తర్వాత అవ్వ మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. అయినా వెనుక నుంచి ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, అవ్వ మోచెయ్యి దానంతటదే తల మీదికి లేచేది. ఒకసారి బాపు అది చూసి మొహం తిప్పుకున్నాడు. అప్పటి నుంచి గడప బయటే నిలబడి "నేనే, వస్తున్న" అని చెప్పి, ఆమె "రా" అన్నాకే లోపలికి వచ్చేవాడు.