మార్తమ్మ వెనక్కిచ్చిన కాగితం

2023లో నేను కోవూరులో ఒక గ్రంథాలయంలో పనిచేస్తుండేదాన్ని. అంతకుముందు పన్నెండేళ్ళు నెల్లూరులో లాయరుగా ప్రాక్టీసు చేశాను. కోర్టుకు వచ్చేవాళ్ళలో చాలామందికి తమ కేసేమిటో తమకే తెలియకపోవడం చూసి చూసి, లైబ్రరీ సైన్సు చదివి ఇటొచ్చాను. జనానికి తరచూ పనిపడే చట్టాలను ఒక్కో పేజీలో తేలిక తెలుగులో రాసి, రీడింగ్ రూములో బల్ల మీద పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం మార్తమ్మ వచ్చింది. సముద్రం పక్క పల్లెలో చేపలు ఎండబెట్టే మనిషి. నేను రాసిన కాగితమొకటి నా ముందు పెట్టింది.

"ఇది మీరే రాసినారా మేడం?"

"నేనేనమ్మా."

"నాకొద్దు. తీసేసుకోండి."

అందులో పై వరుస: 'ఏడేళ్ళు కనిపించకపోతే చనిపోయినట్టే.'

ఆమె భర్త యోహాను ఎనిమిదేళ్ళ కిందట ఒక్కడే చిన్న పడవలో వేటకు పోయి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు. ఇల్లు ఆయన పేరునే ఉంది. ఆమె పేరుకు మార్చాలంటే, ఆయన చనిపోయినట్టు కోర్టు ఆర్డరు తెమ్మన్నారు ఆఫీసులో. కూతురు ఈ కాగితం తీసుకెళ్ళి చదివి వినిపించిందట.

"ఆయన క్షేమంగా ఉండాలని ఆదివారం ఆదివారం చర్చిలో ప్రార్థన చేస్తా ఉండా. అదే నోటితో చచ్చిపోయినాడని ఎట్ట చెప్పేది?"

ఎవిడెన్స్ యాక్ట్, అంటే కోర్టులో దేన్ని రుజువుగా తీసుకోవాలో చెప్పే చట్టం, బీరువాలోంచి తీసి ఆ సెక్షను మెల్లగా తెలుగులో చెప్పాను. మనిషి బతికుంటే ఎవరికి కబురు తెలియాలో, వాళ్ళకే ఏడేళ్ళుగా ఏ కబురూ లేకపోతే, బతికున్నాడనే వాళ్ళే దాన్ని రుజువు చేయాలి.

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాను.

"కబురు తెలియాల్సింది నాకే గదా?"

"అందరికన్నా ముందు మీకే."

"అయితే కబురు రాలేదని చెప్తే చాలా?"

"చాలు. కానీ దాన్నిబట్టి ఆయన లేరనే కోర్టు అనుకుంటుందమ్మా. ఆర్డరులో అదే రాస్తారు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అది వాళ్ళ మాట. రాసుకోనీండి. నేను నా మాటే చెప్తా."

లీగల్ ఎయిడ్ కింద ఉచితంగా ఒక లాయరు దొరికారు. ఆయన డిక్లరేషన్ సూట్, అంటే ఫలానా సంగతిని కోర్టు ప్రకటించాలని కోరే దావా, వేశారు. సాక్ష్యం రోజు నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. భర్త గురించి ఏమైనా తెలిసిందా అని ఆమెను అడిగారు.

"లేదయ్యా. తెలిస్తే నాకే గదా ముందు తెలిసేది" అంది.

ఆర్డరు వచ్చింది. ఇల్లు ఆమె పేరుకు మారింది. ప్రార్థన మానలేదని, నేను అడగకుండానే చెప్పింది.

చట్టాన్ని తేలిక చేయడమంటే కుదించడమే అనుకునేదాన్ని అప్పటిదాకా. ఆమెలాంటి మనిషి అబద్ధమాడకుండా నిలబడేందుకు చట్టం ఇచ్చిన కాస్త చోటును ఆ ఒక్క వరుసతో నేనే కొట్టేశాను. ఇప్పుడు ఏ కాగితం రాసినా, దాంతో పనిపడే మనిషినొకరిని కూర్చోబెట్టి ముందు చదివి వినిపిస్తాను. వాళ్ళ ముఖం చూశాకే బల్ల మీద పెడతాను.