వెనక బాడీ లేని బండి

మా యలమంద బాబాయి లారీ హారన్ కొడితే రోడ్డుకి రెండు వైపులా పత్తికాయలు పగిలి దూది బయటికొచ్చేది. పర్చూరు నుంచి పెదనందిపాడు దాకా రైతులు పత్తి విచ్చిందా లేదా అని చేలోకి పోయి చూసేవాళ్లు కాదు, ఆయన లారీ వెళ్లిందా అని రోడ్డు మీద అడిగేవాళ్లు. ఒకసారి పొరపాటున పొగాకు చేను పక్కన కొట్టాడు. ఆకు మొక్క మీద ఉండగానే చుట్టలా చుట్టుకుపోయింది. ఇవన్నీ నేను కళ్లారా చూశాను. ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణే గానీ నాకు చూపు బాగా ఆనుతుంది.

ముప్పై ఒక్క ఏళ్లు లారీ తోలాడు ఆయన. పత్తి, మిరప టిక్కీ బస్తాలు, ధాన్యం, ఏది ఎక్కిస్తే అది. మాట మాత్రం చాలా పొదుపు. ఆయన జీవితంలో మాట్లాడిన మాటలన్నీ కలిపినా నేను పొద్దున టీ తాగేలోపు మాట్లాడేవాటికి సరిపోవు. పర్చూరు సెంటర్లో నాకు టైర్ల షాపుంది. ఆయన వచ్చి బల్ల మీద కూర్చుని, గంటసేపు టైర్లని చూసి, "వెళ్తా" అని వెళ్తాడు. ఆ గంటా మా మధ్య గొప్ప సంభాషణ జరిగినట్టే లెక్క.

ఇంత మొనగాడికి ఒకటే లోటు. ఆయన తోలే బండి వాళ్లావిడ ఎక్కదు.

వాళ్లావిడంటే మా వెంకటరావమ్మ పిన్ని. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని ఈయన ఆవిణ్ణి లారీలో ఎక్కించుకుని చీరాల బయల్దేరాడు. దారిలో ఇంకో లారీని దాటబోయాడు. ఎదురుగా బస్సొచ్చింది. పిన్ని కళ్లు మూసుకుంది. బస్సు పక్కనుంచి వెళ్లిపోయినా తెరవలేదు. సముద్రం దగ్గర దింపితే అప్పుడు తెరిచి, నీళ్లు చూసి, ఒక్కతే బస్సెక్కి ఇంటికొచ్చింది. అంతే, ముప్పై ఒక్క ఏళ్లు. పెళ్లిళ్లకి ఆయన లారీలో, ఆవిడ బస్సులో. ఒకే ఊరికి, ఒకే రోజు.

పిన్నిది చీరల వ్యాపారం. ప్రతి మంగళవారం చీరాల వెళ్లి మగ్గాల వాళ్ల దగ్గర రెండు మూటలు తెస్తుంది, చుట్టుపక్కల నాలుగూళ్లలో అమ్ముతుంది. ఈమధ్య మోకాలు అరిగింది. మూటలు మొయ్యొద్దన్నాడు డాక్టరు. పిన్ని డాక్టర్ని మార్చింది. కొత్త డాక్టరూ అదే అన్నాడు. ఇంకో డాక్టరు ఎవరున్నారని ఆవిడ అడుగుతుండగా బాబాయి లారీ తోలడం మానేశాడు. మానేసిన నాలుగో రోజు నా షాపుకొచ్చి కూర్చున్నాడు. గంటయింది.

"కారు కొంటున్నానురా," అన్నాడు.

"పిన్ని ఏమంది?"

"కొనుక్కో, డ్రైవర్ని పెట్టు అంది." కాసేపు టైర్లని చూశాడు. "అది ఎక్కకపోతే నాకు కారెందుకురా."

వెటకారం చేద్దామనుకున్నవాణ్ణి ఊరుకున్నాను. నేను ఊరుకోవడమంటే మాటలా.

ఎత్తైన పెద్ద బండి తీసుకో బాబాయ్, దర్జాగా ఉంటది అని సలహా ఇచ్చాను. ఎత్తు చూస్తే ఆవిడకి లారీ గుర్తొస్తుందన్నాడు. కిందికి ఉండాలి, పొడుగ్గా ఉండాలి, డిక్కీలో రెండు మూటలు అడ్డంగా పట్టాలి. అంటే సెడాన్. గుంటూరులో ఒక షోరూమ్‌కి ముగ్గురం బస్సులో వెళ్లాం. పిన్ని రెండు చీరల మూటలు కూడా తెచ్చింది. "డిక్కీ చూడ్డానికొస్తున్నా, ఎక్కడానికి కాదు," అని బస్సులోనే తేల్చి చెప్పింది.

షోరూమ్‌లో మాకు దొరికినవాడు వాసిం. నల్ల ప్యాంటు, మెళ్లో కార్డు, మంచి నోరు. ఒకే కారులో రెండు ఇంజిన్లున్నాయన్నాడు, మామూలుది ఒకటి, టర్బో ఒకటి. టర్బో అంటే ఏంటో బాబాయికి చెప్పడం మొదలుపెట్టాడు. పొగ గొట్టంలోంచి బయటికి పోయే గాలే చిన్న ఫ్యాను తిప్పుతుంది సార్, ఆ ఫ్యాను ఇంజిన్‌కి ఇంకా గాలి కూరుతుంది సార్, అందుకే చిన్న ఇంజిన్ పెద్దదానిలా లాగుతుంది సార్. ఇరవై ఏళ్లు టర్బో లారీ తోలిన మనిషి, బడిపిల్లాడిలా తలూపుతూ అంతా విన్నాడు. విన్నాక అడిగాడు.

"ఘాటుగా తోలి ఆపేముందు అర నిమిషం ఊరికే ఆడనియ్యాలా? ఆయిలు ఎన్నివేలకి మార్చాలి? టర్బో పోతే విడిగా దొరుకుద్దా, మొత్తం మార్చాలా?"

వాసిం లోపలికెళ్లి సర్వీసు వాళ్లకి ఫోన్ చేసి వచ్చాడు. అప్పట్నుంచి సార్ అనడం తగ్గించి బాబాయ్ గారూ అనడం మొదలుపెట్టాడు.

"మైలేజీ రెండిటికీ దాదాపు ఒకటేనండి, కాగితం మీద."

"కాగితం మీద నా లారీ కూడా బాగానే ఇచ్చేది," అన్నాడు బాబాయి. "పాదం బరువైతే టర్బో ఎక్కువ తాగుద్ది. ధరలో తేడా ఎంత?"

వాసిం చెప్పాడు. పిన్ని వేళ్లు ముడిచి విప్పింది. "మూడొందల చీరలు," అంది. ఆవిడకి లక్షలు అర్థం కాక కాదు, ఏ ధరైనా చీరల్లోకి మార్చుకుంటేనే ఎంత ఎక్కువో తెలుస్తుందట.

ముందు మామూలు ఇంజిన్ బండి. వాసిం తాళాలిస్తే బాబాయి తీసుకోలేదు. "లోడేది?" అన్నాడు. ఖాళీ బండి ఎవడు తోలినా పరిగెత్తుద్ది, లోడేసి చూడాలట. రెండు మూటలూ డిక్కీలో పెట్టి మూత వేశాడు. నన్ను వెనక సీట్లో వేశాడు, నేను ఒక మిరప టిక్కీకి రెట్టింపు ఉంటాను. ఏసీ పూర్తిగా పెట్టించాడు. వాసిం ముందెక్కాడు. బాబాయి బండి కదిలించబోయాడు.

"నా చీరలు," అంది పిన్ని బయట నుంచి.

"వస్తాయ్."

"ఆ మూటలో పెళ్లి చీరలున్నయ్. అవి ఎక్కడికి పోతే నేనక్కడికి పోతా." అంటూనే డోర్ తీసి నా పక్కన కూర్చుంది. పైన హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది. అద్దంలో బాబాయి మొహం చూశాను. డిక్కీ మూత వేసింది అందుకేనా అని నేను ఇప్పటికీ అడగలేదు.

ప్రత్తిపాడు రోడ్డు పట్టుకున్నాం. ఖాళీ రోడ్డు మీద బండి హాయిగా పోయింది. పిన్ని కూడా ఒక చెయ్యి వదిలింది. తిరిగొచ్చేటప్పుడు ముందు లూజు పత్తి లోడు లారీ అడ్డు తగిలింది. తెలియనివాళ్లకి చెప్తున్నా, మా వైపు శీతాకాలంలో పత్తి లారీ అంటే లారీ కనపడదు, రోడ్డు మీద నడిచే గుమ్మడికాయ కనపడుద్ది. రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది. దాని పక్కన ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

బాబాయి చూసుకుని కుడికి తీసి తొక్కాడు. ఇంజిన్ అరిచింది. బండి తన మానాన తాను వెళ్లింది. ఆ లారీ పక్కన మేం ఎంతసేపున్నామంటే, దాని డ్రైవరు పేరు, ఊరు, వాళ్ల పెద్దమ్మాయి ఏం చదువుతుందో కూడా నేను కనుక్కున్నాను. చివరికి దాటాం. దాటాక ఎడమకి రావాలి కదా. రాలేదు. కుడి పక్కనే ఇంకా పోతున్నాడు. ఎదురుగా బస్సు లైట్లు కొట్టింది.

"బాబాయ్ గారూ," అన్నాడు వాసిం. "బాబాయ్ గారూ, బాబాయ్ గారూ."

అప్పుడొచ్చాడు ఎడమకి, లోపలికి. పిన్ని కళ్లు మూసే ఉన్నాయి. షోరూమ్ ముందు దిగి, "నా చీరలు దించు. నేను బస్సుకి పోతా," అంది.

బాబాయి డిక్కీ తెరవలేదు, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇంజిన్ బలం చాల్లేదండి, టర్బోలో చూడండి మేడమ్ అని వాసిం మొదలుపెట్టాడు. పిన్ని వాడి వైపు చూడలేదు.

"ఏమయ్యా, లారీని దాటేశావుగా. దాటినాక కూడా ఆ పక్కనే ఎందుకున్నావు? పెళ్లయిన కొత్తలోనూ ఇంతే చేశావు."

"బాడీ రావద్దూ?" అన్నాడు బాబాయి.

"ఏ బాడీ అండి?" అన్నాడు వాసిం.

బాబాయి తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు. డిక్కీ మీద. దాని తర్వాత ఏమీ లేదు, షోరూమ్ వాళ్లు కడిగిన గచ్చు ఉంది. వెనక అంత పొడుగు లారీ బాడీని ముప్పై ఒక్క ఏళ్లు లాగిన మనిషి, అది కూడా దాటేదాకా ఎడమకి రావడం ఆయన చేతులకి అలవాటు లేదు. ఎప్పుడు రావాలో ఆయన చూసుకునేవాడు కూడా కాదు, ఎడమ పక్క క్లీనరు వెనక్కి చూసి "రానీ" అనేవాడు, అంటే వచ్చేవాడు.

"మరి ఆ రోజు క్లీనరేడి?" అంది పిన్ని.

"నువ్వు కూర్చోవాలని వాణ్ణి దింపేశా. చెప్పేవాళ్లు లేరు."

"ఈ ముక్క ముప్పై ఒక్క ఏళ్లుగా చెప్పవేం?"

"నువ్వడగలేదుగా."

పిన్ని ఆయన్ని ఒక చూపు చూసింది. ఆ చూపుకి నేనైతే తాడేపల్లి దాకా పరిగెత్తి కృష్ణలో దూకేవాణ్ణి. తర్వాత వాసింతో, "అబ్బాయ్, నువ్వు వెనక కూర్చో," అంది. మూటలు టర్బో బండిలోకి మారాయి. పిన్ని ముందు సీట్లో ఎక్కింది. హ్యాండిల్ ఒక చేత్తోనే పట్టుకుంది.

మళ్లీ అదే రోడ్డు, మళ్లీ ఒక పత్తి లారీ. బాబాయి తొక్కాడు. అర ఊపిరిసేపు బండి ఏమీ అనలేదు, ఆలోచిస్తున్నట్టుంది. తర్వాత ఎవరో వెనక నుంచి అరచేత్తో నెట్టినట్టు పోయింది. అరుపు లేదు. పిన్ని కిటికీలోంచి వెనక్కి చూసి, "రానీ," అంది. చుట్టుపక్కల నాలుగూళ్లలో చీరలు కేకేసి అమ్మిన గొంతది. వెనక వాసిం సీటు బెల్టు సర్దుకున్నాడు. బండి లోపలికొచ్చేసింది. ఎదురొచ్చే బస్సు ఇంకా అగ్గిపెట్టంత ఉంది.

"బాగానే ఉంది," అంది పిన్ని, తనలో తాను.

బాబాయి సంబరపడి కొనేస్తాడనుకున్నా. ఆయన షోరూమ్‌కి వచ్చి, "ఇప్పుడు మొదటిది మళ్లీ," అన్నాడు. అప్పుడు రానీ అనేవాళ్లు లేరు కాబట్టి ఆ లెక్క చెల్లదట. వాసిం మూటలు మళ్లీ మోశాడు. ఈసారి పిన్ని కేకేస్తే మామూలు బండి కూడా క్షేమంగానే దాటింది. కాకపోతే రానీ అనేదాకా నలుగురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"బలం ఇందులో చాలుద్ది," అన్నాడు బాబాయి దిగి. "అందులో మిగులుద్ది. నువ్వు చెప్పు."

పిన్ని రెండు బండ్ల చుట్టూ తిరిగింది. డిక్కీలు రెండూ మళ్లీ తెరిపించింది. చీర కొనేటప్పుడు అంచు చూసినట్టు డోర్ల అంచులు తడిమింది.

"మిగిలేదే కావాలి. పక్కన కూర్చునేది నేను," అంది. "కానీ మూడొందల చీరలు ఎక్కువ. ఇందులో నాకు అక్కర్లేనివి ఏమున్నయ్ అబ్బాయ్?"

వాసిం చెప్పాడు. పైకప్పు అద్దం తెరుచుకుంటుంది, సీట్లలోంచి చల్లగాలి వస్తుంది, లోపల రంగు రంగుల లైట్లు వెలుగుతాయి. ఎండ చాలా చూశామని పైకప్పు తీసేయించింది. లైట్లు తీసేయించింది. చల్లటి సీటు దగ్గర కాస్త ఆగి, అదీ తీసేయించింది. ఇంజిన్ అదే, మిగతా అలంకారాలు లేని రకం ఒకటుంది. తేడా నూట పది చీరలకి దిగింది. చివరి పది చీరల కోసం వాసిం మేనేజర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. రెండోసారి వచ్చేటప్పటికి పిన్ని మూట విప్పి కూర్చుంది, మీ అమ్మకి ఏ రంగు ఇష్టం అబ్బాయ్ అని వాణ్ణి అడిగింది.

బండి వచ్చి నెలన్నర. మొన్న మంగళవారం చీరాల ప్రయాణం గురించి చెప్పకపోతే నేను చేసిన ఈ వర్ణనంతా దండగ. ఆ రోజు మా బాబాయి పర్చూరు దాటగానే తొక్కితే ఇరవై రెండు లారీలు, ఆరు బస్సులు, నాలుగు ట్రాక్టర్లు వెనకపడ్డాయి. పక్కన పిన్ని రానీ, రానీ అంటూ ఉంటే ఆ కేకకి పొలాల్లో కొంగలు కూడా ఎడమకి జరిగాయి. చీరాల చేరేసరికి ఇంకా తెల్లారలేదు, బయల్దేరింది పొద్దున తొమ్మిదింటికి అయినా సరే. ఇదంతా రాసి షాపులో బాబాయికి చదివి వినిపించాను. ఆయన గంటసేపు టైర్లని చూశాడు.

"ఒక్క లారీని కూడా దాటలేదురా. ఊరు దాటగానే మీ పిన్ని నిద్రపోయింది. రానీ అనేవాళ్లు లేరుగా, చీరాల దాకా లారీ వెనకే వెళ్లా."