రెండో వరస దారం

మొన్న మా అమ్మాయి తన పట్టు పరికిణీ మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచిన వెచ్చటి వాసనకు చేస్తున్న పని ఆపేశాను. అది తిరుపతిలో మా అబ్బాజాన్ కుట్టుకొట్టు వాసన.

సంగీత నృత్య కళాశాల అమ్మాయిల డాన్సు దుస్తులన్నీ ఆయనే కుట్టేవాడు. ఎండలు ముదిరి పరీక్షలు దగ్గరపడితే కొట్టునిండా జరీ అంచులూ, పట్టు పీలికలూ, కొలతలకొచ్చిన అక్కల జడల్లోని కనకాంబరాలూ ఉండేవి. మోకాళ్లు వంచినప్పుడు విసనకర్రలా విచ్చుకునే ముందు కుచ్చిళ్లు ఆయనలా కుట్టేవాళ్లు చంద్రగిరి దాకా లేరని పేరు. మడతలు చెదరకుండా రెండు వరసల కచ్చాకుట్టు వేసి ఇస్త్రీ చేసేవాడు. చివర్లో కుచ్చిళ్లు విచ్చుకునేలా ఆ దారాలు లాగేయడం నా పని. పదేళ్ల దాన్ని, అదేదో మహా విద్య అనుకునేదాన్ని.

ఆ ఏడు పరీక్షలు రంజాన్‌లో వచ్చాయి. తిరుచానూరు పద్మజక్క ఆఖరి పరీక్షకు మీగడరంగు పట్టు. నేను పై వరస దారం లాగానో లేదో, మసీదు దగ్గర ఉపవాసం విడిచే గంజి పోస్తున్నారని వినబడింది. పుదీనా వాసనకు ఆగలేక చెంబు పట్టుకుని పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అబ్బాజాన్ ఆఖరిసారి సరిచూసి, మడిచి, అక్క చేతికిచ్చి పంపేశాడు. ఉపవాసంతో పెదాలు ఎండినా ముఖం వెలుగుతోంది.

"దా మే, సూసొద్దాం," అన్నాడు.

మిషను బల్ల మీద ఒక్క దారమే ఉంది. రెండుండాలి.

కళాశాల హాల్లో వెనక బెంచీ మీద దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఇప్పుడు చెప్పినా టైముంది. మృదంగం శ్రుతి చేస్తున్నారు, ఇంకా టైముంది. చెబితే ఆయన ముఖం ఎలా మారుతుందోనని భయం. అక్క వచ్చింది, మోకాళ్లు వంచింది. కుచ్చిళ్లు విచ్చుకోలేదు. కాలు చాచగానే పట్టు చిరిగిన చప్పుడు మా దాకా వచ్చింది. ఆ అంచు ఈడ్చుకుంటూనే అక్క చివరిదాకా ఆడింది. అబ్బాజాన్ లేచి నిలబడినవాడు మళ్లీ కూర్చోలేదు.

"ఏం కాలేదులే మామా, బాగానే చేసినాను," అంది అక్క బయటికొచ్చి.

ఆయన అంచులో వేలాడుతున్న తెల్లదారం పట్టుకుని చూశాడు. "నేనే సూసి ఇచ్చినాను తల్లీ. ఇది కనబళ్లేదంటే నా సూపు పోయుండాది."

నేను పక్కనే ఉన్నాను. ఆ దారం లాగనిది నేనేనని చెప్పలేదు.

అక్క పాసైంది. అబ్బాజాన్ మాత్రం ఇక డాన్సు దుస్తులు కుట్టనని కళాశాలలో చెప్పి వచ్చాడు. కళ్లు నిక్షేపంగా ఉన్నాయన్న డాక్టరును ఆయన నమ్మలేదు. బతికినన్నాళ్లూ లుంగీల అంచులూ, పిల్లల నిక్కర్లే కుట్టాడు.

ఇప్పుడు ఆ కొట్టులో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. డాన్సు దుస్తులు మద్రాసు నుంచి జిప్పులతో సహా రెడీమేడ్‌గా వస్తున్నాయట. ఆయన పోయి చాలా ఏళ్లయింది, నాకు సిగ్గు మాత్రం పోలేదు. చూపు బాగున్న ఆ మనిషి సూదిలో దారం ఎక్కించమని చివరిదాకా నన్నే పిలిచేవాడు. ఎక్కించి ఇచ్చేదాన్ని.