ఏడవని పాప

ఉదయం తొమ్మిది నలభైకి వరుసలోంచి మొదటి బిడ్డను డాక్టరు గారి దగ్గరికి పంపాను. మావారు పోయాక ఆదివారాలు గడవక, రేగొండ దగ్గర కూలీల వాడలో నడిచే పిల్లల ఉచిత వైద్య శిబిరంలో వరుస చూసే పని పెట్టుకున్నాను. గుక్కపట్టి ఏడ్చే పిల్లలను ముందు పంపడం మా పద్ధతి. గోల తగ్గుతుందని.

మిరపకాయలు ఏరే కూలీ ఒకామె, రెండేళ్ల కూతురిని భుజాన వేసుకుని మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది.

"మేడం, జర మా పిల్లను సూడుండ్రి. నిన్నటి సంది కక్కుతనే ఉన్నది."

వరుసలోని ఒక అవ్వ కసిరింది. "నీ పిల్ల సల్లగ పండుకున్నది గదనే! మా పోరడు గొంతు పలిగేటట్టు ఏడుస్తుండు, ఇనవడ్తలేదా?"

నేను నవ్వాను. "నీ బిడ్డ బుద్ధిమంతురాలమ్మా, సప్పుడే చేస్తలేదు. జరసేపు ఆగు."

ఆ మాటకు ఆమె సంబరపడి వెళ్లి కూర్చుంది.

పదకొండున్నరకు వాళ్ల వంతు వచ్చింది. డాక్టరు గారు పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. అప్పటికే ప్రాణం లేదు. ఒంట్లో నీళ్లన్నీ పోయి, ఏడ్చే శక్తి లేకనే పాప ఊరుకుందని తర్వాత చెప్పారు.

తల్లి నావైపు తిరిగింది. "బుద్ధిమంతురాలంటిరి గద మేడం."

ఆ శిబిరానికి ఇప్పటికీ వెళ్తున్నాను. ఏడ్చే పిల్లలను ముందు పంపడం మానేశాం.